గడువు

సముద్రపు ఒడ్డు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఓడరేవు సూచికల అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చేస్తాయి. రేవులో ఒకటో నంబరు ఎగరేశారంటే దూరాన ఎక్కడో వాయుగుండం ఉందని. మూడో నంబరంటే ఈదురుగాలులు రేవును తాకబోతున్నాయని. అయిదు నుంచి అపాయం మొదలు. ఎనిమిది, తొమ్మిది, పది పెను ప్రమాదానివి. పదో నంబరు ఎగిరిందంటే తుఫాను ఆ రేవు మీదుగానో, దాని పక్కనుంచో తీరం దాటబోతోందన్నమాట. ఇంతవరకు చాలామందికి తెలుసు. పదకొండో నంబరు ఒకటుందని మాత్రం తక్కువమందికి తెలుసు. అది పదికంటే పెద్ద తుఫానుకు గుర్తు కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక ఏం జరగబోతోందో చెప్పే దిక్కు లేదు అని దాని అర్థం.

ఈ పదకొండో నంబరు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మొదటి పది అంకెలూ మన చేతిలో ఇంకా ఎంత సమయం ఉందో చెబుతాయి. పదకొండోది ఆ లెక్క ముగిసిందని చెబుతుంది. విపత్తులను పాఠ్యపుస్తకాలు పుట్టుకను బట్టి విడదీస్తాయి: నేలలో పుట్టేవి, నీటివి, గాలివి, రోగాలవి, మనిషి చేతివి. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. అయితే ఊళ్లో ఉన్న మనిషి వైపు నుంచి చూస్తే ప్రమాదం ఎక్కడ పుట్టిందన్నదానికంటే అది ఎంత గడువిచ్చిందన్నదే పెద్ద విషయం. భూకంపం ఇచ్చేది క్షణాలు. విషవాయువు ఇచ్చేది నిమిషాలు. పిడుగు అరగంట ఇస్తుంది. వరద కొన్ని గంటలు, తుఫాను నాలుగైదు రోజులు, కరువు నెలలు. ఈ అధ్యాయంలో విపత్తులను ఆ కొలతతోనే చూద్దాం. చూస్తూ పోతే ఒక వింత సంగతి బయటపడుతుంది. గడువు లేక చనిపోయినవాళ్లు మనం అనుకున్నంత మంది లేరు. గడువు ఉండి, అది తమదాకా రాక, లేదా వచ్చినా దాన్ని వాడుకునే స్తోమత లేక పోయినవాళ్లే ఎక్కువ.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణానది సముద్రంలో కలిసే ముందు పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ నేల దివిసీమ. ఒండ్రు మట్టి, వరి పొలాలు, అంచుల్లో మడ అడవులు, సముద్ర మట్టానికి నాలుగు అడుగులు పైన ఉన్నామో లేదో అన్నట్టుండే ఊళ్లు. ఆ రోజు తుఫాను కేంద్రం తీరం దాటింది దివిసీమలో కాదు. అక్కడికి నైరుతిగా అరవై కిలోమీటర్ల అవతల, చీరాల దగ్గర. మరి సముద్రం దివిసీమ మీదికి ఎందుకొచ్చింది?

మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. తుఫాను వెనక నిలబడి, అది వెళ్లే వైపుకు ముఖం పెట్టామనుకోండి. మన కుడిచేతి వైపు గాలి ముందుకు, అంటే సముద్రం మీదనుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమచేతి వైపు నేల మీదనుంచి సముద్రంలోకి వీస్తుంది. తుఫాను చీరాల దగ్గర దాటితే దివిసీమ, బందరు కుడిచేతి వైపున పడతాయి. గంటకు రెండు వందల కిలోమీటర్ల గాలి గంటల తరబడి నీటిని అటే తోసింది. లోతైన సముద్రమైతే తోసిన నీరు అడుగునుంచి వెనక్కి జారిపోయేది. కృష్ణా ముఖద్వారం దగ్గర నది వేల ఏళ్లుగా మట్టి పోసి అడుగును మెరక చేసింది. వెనక్కి పోయే దారి లేక నీరు పైకి లేచింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. తుఫాను కడుపులో గాలి పీడనం తక్కువ గనుక నీరు కొంత ఉబుకుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే ఒక సెంటీమీటరు. ఆ తుఫాను కేంద్రంలో పీడనం మామూలుకంటే 70 మిల్లీబార్ల వరకు తగ్గింది. ఆ లెక్కన లేవాల్సింది 70 సెంటీమీటర్లు, మోకాలి మీద జానెడు. దివిసీమ మీదికొచ్చింది సుమారు అయిదు మీటర్లు. తక్కినదంతా గాలి తోసిన నీరూ, దాన్ని పోనివ్వని లోతులేని అడుగూ కలిసి చేసిన పని. తాడిచెట్టంత అల వచ్చిందని బతికినవాళ్లు చెప్పిన మాటను పట్నం నుంచి వెళ్లినవాళ్లు అతిశయమనుకున్నారేమో. చీకట్లో, ఇంటి చూరు పట్టుకుని వేలాడుతున్న మనిషికి అయిదు మీటర్ల నీరు తాడిచెట్టంతే కనిపిస్తుంది. అధికారిక లెక్కల్లో చనిపోయినవాళ్లు పదివేల దాకా. అంతకంటే చాలా ఎక్కువన్నది స్థానికుల మాట.

హెచ్చరిక లేకపోలేదు. తుఫాను వస్తోందని రేడియో చెప్పింది. తుఫాను అంటే గాలీ వానా అని విన్నవాళ్లకు తెలుసు. గాలీ వానా వస్తే తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చుంటారు, ఆ పనే చేశారు. తెలుగులో తుఫాను వేరు మాట, ఉప్పెన వేరు మాట. ఒక భాష రెండు పేర్లు పెట్టుకుందంటే ఆ రెంటినీ వేర్వేరుగా అనుభవించిందనే కదా. 1789లో కోరంగి రేవును మూడు పెద్ద అలలు ముంచెత్తాయి. ఇరవైవేల మంది పోయారంటారు. ఆ సంగతిని తర్వాత రాసిపెట్టిన కలకత్తా నౌకాధికారి హెన్రీ పిడింగ్టనే 1840లలో పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు తయారుచేశాడు. 1864 నవంబరు 1న బందరు మీదికి ఉప్పెన వచ్చి ముప్పైవేల మందిని తీసుకుపోయింది. 1864కూ 1977కూ మధ్య 113 ఏళ్లు. బందరు ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు దివిసీమలో ఒక్కరూ మిగల్లేదు, చూసినవాళ్ల నోట విన్నవాళ్లు కూడా అప్పటికి పండు ముసలివాళ్లు. మాట నిఘంటువులో ఉంది, భయం మాత్రం మనుషుల్లోంచి పోయింది. అరుదుగా వచ్చే విపత్తుల్లో ఇదే అన్నిటికంటే గట్టి చిక్కు. మనిషి జ్ఞాపకానికి డెబ్బై ఎనభై ఏళ్ల ఆయుష్షు, ఉప్పెనకు వందేళ్ల తీరిక.

విపత్తు శాస్త్రంలో ముప్పును మూడు విషయాలు కలిపి లెక్కగడతారు. ఒకటి ప్రమాదం: గాలి ఎంత, నీరు ఎంత, నేల ఎంత కదిలింది. రెండు, దాని దారిలో ఎవరు, ఎన్ని ఇళ్లు, ఎన్ని పొలాలు ఉన్నాయన్నది. మూడు, దారిలో ఉన్నవాళ్లు ఆ దెబ్బకు ఎంత తట్టుకోగలరన్నది. ఈ మూడింటినీ కూడరు, హెచ్చవేస్తారు. హెచ్చవేతలో ఏ ఒక్కటి సున్నాకు దగ్గరైనా మొత్తం సున్నాకు దగ్గరవుతుంది. మనుషులు లేని దీవి మీద ఎంత పెద్ద తుఫాను వచ్చినా అది విపత్తు కాదు, వాతావరణం మాత్రమే.

ఈ లెక్క నిజమో కాదో పరీక్షించి చూసే అవకాశం మన తీరానికి పదమూడేళ్లలోనే వచ్చింది. 1990 మే 9న దాదాపు 1977 అంత బలమైన తుఫాను, దాదాపు అదే చోట, కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. గాలి అదే, సముద్రం అదే, మెరక అడుగూ అదే. దారిలో జనం పెరిగారే గానీ తగ్గలేదు. చనిపోయినవాళ్లు మాత్రం వెయ్యికి లోపు. అది కూడా చిన్న సంఖ్య కాదు, కానీ పదో వంతు. నడుమ జరిగిందేమిటంటే తీరం వెంట స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి. రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే లోపలికి తరలించారు. అన్నిటినీ మించి, ‘ఉప్పెన’ అన్న మాటకు మళ్లీ అర్థం వచ్చింది. కదలమని అధికారి అన్నప్పుడు కదలడానికి కారణం ప్రతి ఇంట్లో ఒక ఖాళీ మంచం రూపంలో ఉంది.

అయితే చెప్పాల్సింది ఇంకొకటుంది, దాన్ని దాటేసి పోతే ఈ కథ అబద్ధమవుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను కొట్టింది. అప్పటికి షెల్టర్లూ ఉన్నాయి, రేడియో, టీవీ ఉన్నాయి. వెయ్యికి పైగా చనిపోయారు, ఇంకో పదహారు వందల మందికి పైగా జాడే లేకుండా పోయారు. జాడ లేనివాళ్లలో అత్యధికులు ఆ సమయానికి సముద్రంలో పడవల మీద ఉన్న మత్స్యకారులు. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లినవాళ్లు. ఒడ్డున ఎగిరిన నంబరు నడిసముద్రంలో పడవకు కనిపించదు. వాళ్లకు పడవ మీద రేడియో లేదు, ఉన్నా సిగ్నలు అందదు. తుఫాను ఒడ్డుకు కొంత గడువిచ్చింది, వాళ్లకు కారుమబ్బు కనిపించిన క్షణం నుంచి ఒడ్డు చేరేదాకా ఉన్న దూరం మాత్రమే ఇచ్చింది. వాళ్ల వరకు మొదటి నుంచీ పదకొండో నంబరే. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో ‘జెమిని’ అనే చిన్న పరికరాన్ని తెచ్చింది. సెల్ టవర్లు అందని చోట కూడా ఉపగ్రహం ద్వారా పడవకు హెచ్చరిక చేరవేస్తుంది. ఆ రాత్రికీ ఈ పరికరానికీ మధ్య 23 ఏళ్లు గడిచాయి.

గడువు చేరకపోవడానికి 2004 సునామీని మించిన ఉదాహరణ లేదు. డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర సముద్రపు అడుగు చీలింది. అల మన తీరానికి చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ రోజు ఆదివారం, పైగా పౌర్ణమి, సముద్ర స్నానాలకు జనం తీరానికి చేరే రోజు. రెండున్నర గంటల్లో ఒడ్డు నుంచి ఒక కిలోమీటరు లోపలికి నడవడం ఎవరికైనా సాధ్యమే, పసిపిల్లను ఎత్తుకున్న తల్లికి కూడా. చెప్పేవాళ్లే లేరు. సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007లో వచ్చింది.

ఇక అసలు గడువే ఇవ్వని దానికి వద్దాం. భూకంపం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పే శాస్త్రం ఇంతవరకు లేదు. ఫలానా రోజు వస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో చెబితే నమ్మక్కర్లేదు. ఉన్నదల్లా అది మొదలయ్యాక దొరికే కొన్ని క్షణాలే. నేల చీలిన చోటు నుంచి రెండు రకాల అలలు బయలుదేరతాయి. ముందొచ్చేది సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న కుదుపు. వెనక మూడున్నర కిలోమీటర్ల వేగంతో వచ్చేది గోడలను పడగొట్టే ఊపు. యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు ఈ రెంటి మధ్య ఆరు సెకన్లు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్ దాకా తెలిసింది. ప్రాణనష్టం లేదు. ఆరు సెకన్లలో ఎవరూ పెద్దగా చేయగలిగింది లేదు గనుక, భూకంపం విషయంలో మన గడువంతా అది రాకముందు, ఇల్లు కట్టేటప్పుడే ఉంటుంది.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మన పొరుగున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. ముందు రాత్రి గణపతి నిమజ్జనాలు. ఊరంతా అలసి నిద్రలో ఉంది. దాదాపు పదివేల మంది పోయారు. ప్రపంచపు లెక్కల్లో 6.2 పెద్ద భూకంపం కాదు, జపాన్‌లో అంతటిది వస్తే ఉదయం లేచి ఉద్యోగాలకు వెళతారు. దక్కను పీఠభూమి గట్టిది, ఇక్కడ భూకంపాలు రావని నమ్మకం. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న మండలంలో ఉండేది. ఇళ్లకు రెండు మూడు అడుగుల మందాన రాతి గోడలు, రాళ్ల మధ్య సిమెంటు కాదు, మట్టి. పైన దూలాల మీద ఎండ వేడి ఆగేందుకు పోసిన మట్టి మిద్దె. నేల ఊగగానే మట్టి పొడి అయింది, రాళ్లు విడిపోయాయి, టన్నుల కొద్దీ మిద్దె నిద్రపోతున్నవాళ్ల మీద పడింది.

అదే ఊళ్లలో పూరిపాకల్లో ఉన్నవాళ్లు చాలావరకు బతికారు. తాటాకు, వెదురు నెత్తిన పడితే గాయమవుతుందే తప్ప ప్రాణం పోదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. దివిసీమలో ప్రాణం తీసింది పూరిపాక. కిల్లారిలో ప్రాణం నిలిపిందీ పూరిపాకే. రాతి మిద్దె తుఫానుకు కోట, భూకంపానికి సమాధి. పేదవాడికే ఎప్పుడూ దెబ్బ తగులుతుందన్న మాట చాలావరకు నిజమే గానీ, తట్టుకునే శక్తి అన్నది మనిషి ఆస్తిలో ఉండే స్థిరమైన గుణం కాదు. ఏ ప్రమాదానికి అన్న ప్రశ్న వేయకుండా ‘గట్టి ఇల్లు’ అనే మాటకు అర్థమే లేదు. ప్రభుత్వ పథకాల కింద ఒకే నమూనా ఇల్లు బాపట్ల బీచి నుంచి ఆదిలాబాదు అడవి దాకా కట్టించాలని చూసినప్పుడల్లా నాకు ఈ రెండు పాకలూ గుర్తొస్తాయి.

వరద సంగతి వేరు. దాని గడువును నిర్ణయించేది సగం వాన, సగం మనమే. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. సుమారు 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ వెళ్లినవాళ్లు చార్మినార్ చూస్తారు, దానికి కూతవేటు దూరంలో ఉన్న ఈ చెట్టును కూడా చూసి రావాలని నా కోరిక. ఆ వరద అంత ఆకస్మికంగా ఎందుకొచ్చిందో తేల్చడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన ఉన్న చెరువుల్లో రెండు వందలకు పైగా గండ్లు పడ్డాయని ఆయన లెక్క తేల్చారు. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది, మూడోదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువులు నిండినప్పుడు ఎంత అందమో, తెగినప్పుడు అంత భయంకరం. వానకు రోజంతా పట్టిన పనిని గండ్లు గంటల్లోకి కుదించాయి. ఆయన సలహాతోనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇప్పుడు మనం వాటిని తాగునీటి చెరువులనుకుంటున్నాం. అవి మొదట వరదకు కొన్ని గంటలు అడ్డుపడడానికి, అంటే ఊరికి గడువు కొనిపెట్టడానికి కట్టినవి.

2009లో కర్నూలు. ఆ ఏడు దేశమంతటా వానలు అయిదో వంతుకు పైగా తక్కువ పడ్డాయి, 1972 తర్వాత అంత కరువు లేదు. సెప్టెంబరు ఆఖరులో వాయుగుండం వచ్చి కృష్ణా, తుంగభద్ర పరీవాహకంలో నాలుగైదు రోజులు విడవకుండా కురిసింది. శ్రీశైలం జలాశయంలోకి 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ డ్యాము గేట్ల నుంచి వదలగలిగేది 13 లక్షల పైచిలుకు మాత్రమే. ముందు తుంగభద్ర, హంద్రీ పొంగు, వెనక నుంచి జలాశయం ఎగదన్ను. నడుమ కర్నూలు. అక్టోబరు 2న పట్నంలో మొదటి అంతస్తుల దాకా నీళ్లు. కరువు, వరద రెండు వేర్వేరు పాఠాలుగా చదువుకుంటాం. ఆ ఏడు కర్నూలు రైతు రెండింటినీ ఒకే పంటకాలంలో చూశాడు. నీళ్ల కోసం ఆకాశం వైపు చూసిన ఏడాది జలాశయాన్ని ఖాళీగా ఉంచమని చెప్పడానికి ఏ ఇంజనీరుకూ ధైర్యం చాలదు. ఈ ఇరకాటాన్ని అర్థం చేసుకోకుండా ఆయనను తిట్టడం సులువు.

2024 సెప్టెంబరు 1న విజయవాడను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. బెజవాడ దుఃఖదాయని అని దానికి పాత పేరు. కొండల్లోంచి వచ్చే వాగు నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలోకి పంపే కాలువ ఉంది. ఆ రోజు కృష్ణే ప్రకాశం బ్యారేజి దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి, ఎన్నడూ లేనంతగా పారుతోంది. తానే నిండి పొంగుతున్న నది ఇంకొకరి నీళ్లు ఎలా పుచ్చుకుంటుంది? కాలువకు గండ్లు పడ్డాయి. నీరు తన పాత దారి వెతుక్కుంటూ కొల్లేరు వైపు సాగింది. ఆ పాత దారిలో ఇప్పుడు సింగ్‌నగర్ ఉంది, లక్షల జనం ఉన్నారు. ప్రమాదం దారిలో మనుషులు ఉండటమన్నది ఇలాగే, ఒక్కో లేఅవుటుగా, ఒక్కో గృహప్రవేశంగా పెరుగుతుంది. ఇల్లు కొనేటప్పుడు తూర్పు ఫేసింగా, వాస్తు సరిపోయిందా అని అడుగుతాం. ఇక్కడ ముందు ఏముండేది, పాత రెవెన్యూ పటంలో ఇది వాగు పోరంబోకా అని అడిగేవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం కథ కూడా ఇదే, నీటి బదులు ఆవిరితో. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటలప్పుడు అక్కడి ప్లాస్టిక్ కర్మాగారపు ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. స్టైరీన్‌ను చల్లగా ఉంచకపోతే దాని అణువులు తమలో తాము గొలుసుల్లా కలిసిపోతాయి. కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా కలుస్తాయి. దాని ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. అందుకే పైకి పోదు, పొగమంచులా నేలను పట్టుకుని పల్లానికి పాకుతుంది, మంచం మీద, చాప మీద పడుకున్నవాళ్ల ముక్కుల ఎత్తులో. పన్నెండు మంది పోయారు. కర్మాగారం 1961లో పెట్టినప్పుడు అది ఊరి బయట. ఊరు దాని దగ్గరికి నడిచి వచ్చింది. ఇలాంటి వేళ గాలి వీచే దిక్కుకు అడ్డంగా, మెరక వైపుకు, ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని వెళ్లాలన్న చిన్న విషయం తెలిస్తే ఆ కొద్ది నిమిషాలే చాలా ఎక్కువ గడువు. చుట్టుపక్కల ఇళ్లలో ఎందరికి ఆ ట్యాంకులో ఏముందో పేరైనా తెలుసు?

పిడుగు గురించి నాలుగు మాటలు. దేశంలో ఏటా రెండున్నర వేల మందికి పైగా పిడుగుపాటుకు పోతున్నారు. ప్రకృతి కారణంగా జరిగే చావుల లెక్కల్లో తరచు మొదటి స్థానం దానిదే. ఒకచోట ఒకరు, ఇంకోచోట ఇద్దరు పోతారు గనుక అది విపత్తులా కనిపించదు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు ఉరిమిందంటే పిడుగు మీ దాకా రాగలదు. పొలంలో నాట్లు వేస్తున్నవాళ్లు, మేకలు కాసేవాళ్లు వానకు తడవకుండా చెట్టు కిందికి పరిగెత్తుతారు. సరిగ్గా ఎక్కడికి పోకూడదో అక్కడికి. రాష్ట్ర విపత్తుల సంస్థ పంపే సందేశం ఫోనుకు వస్తుంది. ఫోను గట్టు మీద, సంచిలో ఉంటుంది.

ఎక్కువ గడువిచ్చే ప్రమాదాలే మేలైనవని అనుకోవద్దు. అన్నిటికంటే ఎక్కువ సమయమిచ్చేది కరువు. తెలుగువాళ్లు కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టుకున్నారు. 1832-33 నాటిది నందన కరువు, గుంటూరు ప్రాంతపు అయిదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని అంచనా. రాయలసీమను తుడిచిపెట్టిన 1876 నాటిది ధాత కరువు. తుఫానుకు ఒక తేదీ ఉంటుంది, కరువుకు ఏడాది పేరు తప్ప తేదీ ఉండదు. అది ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఒక వాన తప్పుతుంది, రెండోది ఆలస్యమవుతుంది, బోరు ఇంకో వంద అడుగులు దింపుతారు, ఎడ్లు అమ్ముతారు, పిల్లను బడి మాన్పిస్తారు, బెంగళూరు బస్సెక్కుతారు. ప్రతి అడుగూ చిన్నదే. ఫలానా రోజు విపత్తు వచ్చిందని ఆ ఇంట్లో ఎవరూ అనరు.

ఈ రెంటి నడుమ, తుఫానులా ముందే తెలిసి, కరువులా కనిపించకుండా చంపేది వడగాడ్పు. దీని దగ్గర ఇంకాస్త సేపు ఆగుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ నగరం మీదే తీరం దాటింది. వేల కోట్ల ఆస్తి పోయింది, కొండల మీద పచ్చదనమంతా ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. అయినా రాష్ట్రంలో ప్రాణనష్టం వందకు చేరలేదు. ముందస్తు అంచనా సరిగ్గా ఉంది, జనాన్ని తరలించారు. దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిందే. ఆ తర్వాత ఏడు నెలలకు, 2015 మే నెలలో, అదే రాష్ట్రంలో వడగాడ్పులకు 1,369 మంది చనిపోయారు. తెలంగాణలో 541 మంది. తుఫానుకు ఊరు ఖాళీ చేయించగలిగిన అధికారులే, అంచనా వేయగలిగిన వాతావరణ శాఖే. ఎండ గురించి కూడా నాలుగైదు రోజుల ముందే చెప్పారు. మైదాన ప్రాంతంలో నలభై డిగ్రీలు దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు అని, తీరంలో ముప్పై ఏడు చాలని నిర్వచనమూ ఉంది.

మరెందుకు? శరీరం పనిచేసే తీరు చూస్తే సగం అర్థమవుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో వంద వాట్ల బల్బంత వేడి పుడుతుంది. పార పట్టి మట్టి ఎత్తుతుంటే అది మూడు నాలుగు రెట్లు. బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి పోవడానికి ఒకటే దారి, చెమట ఆరడం. తీరంలో గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట కారుతుందే గానీ ఆరదు. అందుకే రెంటచింతలలో 45 డిగ్రీలకు ఓర్చుకున్న మనిషి బందరులో 40కే సొమ్మసిల్లవచ్చు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 చూపిస్తే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి బతకడని చాలాకాలం అనుకున్నారు. ఈమధ్య పడుచువాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో ఆ గీత 31 దగ్గరే ఉందని తేలింది. ముసలివాళ్లకు ఇంకా కింద. ఒంటి లోపలి వేడి నలభై దాటితే మాట తడబడుతుంది, చెమట ఆగిపోవచ్చు. దాన్నే వడదెబ్బ అంటాం.

మిగతా సగం శరీరశాస్త్రంలో దొరకదు. తుఫాను వస్తే షెల్టరుకు వెళ్లమంటారు, అక్కడ రెండు రోజులు అన్నం పెడతారు. ఎండ వస్తే ఇంట్లో ఉండమంటారు. రోజు కూలీ ఇంట్లో ఉంటే ఆ పూట అన్నం ఎవరు పెడతారు? పైగా ఆ ఇల్లు రేకుల ఇల్లు. పగలంతా కాగిన రేకు కింద బయటికంటే వేడి. రాత్రి పది దాటినా చల్లారదు. మేస్త్రీ పనికి వెళ్లే మనిషికి ఎండ దెబ్బ పగలు తగులుతుంది. ఇంట్లో ఉన్న అతని తల్లికి పగలూ రాత్రీ తగులుతుంది. మూడు నాలుగు రాత్రులు నిద్ర లేక, నీళ్లు తక్కువై ఆమె ఒక తెల్లవారుజామున లేవదు. కాగితం మీద గుండెపోటు అని రాస్తారు. వడగాడ్పు చావుల లెక్క ఎప్పుడూ తక్కువగా ఉండేది అందుకే. ఆ లెక్కల ప్రకారం తర్వాతి ఏళ్లలో చావులు బాగా తగ్గాయి. చలివేంద్రాలు, ఉపాధి హామీ పనివేళల మార్పు, ఓఆర్ఎస్ పొట్లాలు పనిచేశాయనే నా నమ్మకం. లెక్కలోకి రానివాళ్ల సంగతి మాత్రం మనసులో మెదులుతూనే ఉంటుంది.

తుఫానుకు షెల్టరు ఎలాగో ఎండకు పైకప్పు అలాగ. రేకు మీద తెల్లటి పూత వేస్తే ఎండను వెనక్కి తిప్పికొడుతుంది, లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది, అది చాలావరకు కొత్తగా కట్టే పెద్ద భవనాల గురించి. రేకుల ఇళ్లకు చవకైన దారి సున్నం. ఉగాదికి ముందు గోడలకు సున్నం వేసుకోవడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్న పనే. ఆ బకెట్టు నిచ్చెనెక్కి రేకుల మీదికి కూడా వెళ్లాలి. ఉగాది మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదట్లోనో వస్తుంది. పెద్ద ఎండలు మే నెలలో. నడుమ నెల పైనే ఉంది.